పిట్టలను బతికించడానికి దోమలను వదలడమేంటి? హవాయి వర్షారణ్యాల్లో ఏం జరుగుతోంది

హవాయి దీవుల్లో ఒకటైన మౌయి కొండల మీదికి హెలికాప్టర్ వస్తుంది. దట్టమైన అడవి మీద చిన్న చిన్న డబ్బాలు జారవిడుస్తుంది. వానకు తడిసి మట్టిలో కలిసిపోయే డబ్బాలవి. ఒక్కో దాంట్లో సుమారు వెయ్యి దోమలుంటాయి. 2023 చివర్లో మొదలైన ఈ పని తర్వాత కవాయి దీవికీ పాకింది. వారానికి లక్షల లెక్కన దోమలు అడవిలోకి వెళ్తున్నాయి. అదీ దోమకాటుతో చచ్చిపోతున్న పిట్టలను కాపాడటానికట!

ఈ వార్త చదివినవాళ్లకు ముందు నవ్వొస్తుంది, ఆ వెంటనే అనుమానాలు మొదలవుతాయి. అవి మనుషుల్ని కుట్టవా? జన్యువులు మార్చిన దోమలా? పిట్టలకు మలేరియా రావడమేంటి? ఈ మూడింటికీ జవాబులు చిన్నవే. వదిలేవన్నీ మగ దోమలు, మగ దోమ ఎవరినీ కుట్టదు. వాటి జన్యువులను మార్చలేదు. పక్షులకూ మలేరియా ఉంది, కానీ అది మనుషులకొచ్చేది కాదు. అయితే ఇక్కడితో ఆగిపోతే అసలు కథ తెలియదు. అది కొండ ఎత్తుకూ ఉష్ణోగ్రతకూ సంబంధించినది.

ఒకే పూర్వీకుడి నుంచి యాభై రకాలు

ఈ కథలోని పిట్టలను హనీక్రీపర్లు అంటారు. తేనె తాగేవి కొన్నే అయినా పేరు మాత్రం అన్నిటికీ ఉండిపోయింది. లక్షల ఏళ్ల కిందట ఆసియా వైపు నుంచి సముద్రం దాటి వచ్చిన ఒక పిచ్చుకలాంటి పిట్ట ఈ దీవుల్లో స్థిరపడింది. పోటీ లేని అడవిలో దాని సంతతి రకరకాలుగా చీలిపోయింది. కొన్నిటికి గింజలు పగలగొట్టే లావుపాటి ముక్కు వచ్చింది. కొన్నిటికి బెరడు చీల్చి పురుగులు తీసే ముక్కు, ఇంకొన్నిటికి పూల గొట్టాల్లోకి దూరే కొడవలి ముక్కు. శిలాజాలతో కలిపి లెక్కేస్తే యాభైకి పైగా రకాలు తేలాయి. ఇవాళ అడవిలో మిగిలినవి పదిహేడు.

అందరికీ తెలిసిన హనీక్రీపర్ పేరు ఇఇవి. ఒళ్లంతా నిప్పు ఎరుపు, రెక్కలు నలుపు, ముక్కు కిందికి వంగి ఉంటుంది. దాని పాట మాత్రం మధురం అనలేం. తుప్పు పట్టిన తలుపు బందు కిర్రుమన్నట్టు ఉంటుంది. శాస్త్రం ప్రకారం మాత్రం ఇది పాటపిట్టే. పాట వినసొంపుగా ఉండాలని నియమమేమీ లేదు. గొంతులో పాడే అవయవం అభివృద్ధి చెంది, చాలావరకు పెద్ద పిట్టల దగ్గర విని పాట నేర్చుకునే వర్గం ఇది. ఈ నేర్చుకోవడం అన్న మాటతో ముందు ముందు పని పడుతుంది.

వీటి ఇల్లు ఓహియా చెట్టు. హవాయి సహజ అడవుల్లో ఎక్కువ భాగం ఈ చెట్టే. కొత్తగా గట్టిపడిన లావా రాతి మీద మొదట మొలిచే వాటిలో ఇదొకటి, వందల ఏళ్ల పాత అడవిలో పందిరి వేసేదీ ఇదే. దాని ఎర్రటి కుచ్చు పూలలో తేనె తాగి ఇఇవి, అపపనే వంటి పిట్టలు బతుకుతాయి. చెట్టుకు పరాగం మోసేవీ అవే. కింద హాపూ అనే ఎత్తైన ఫెర్న్‌లు, కొమ్మల నిండా నాచు. కవాయి దీవి మధ్యలో వాయాలెయాలె శిఖరం దగ్గర ఏడాదికి అటూఇటూగా పది మీటర్ల వాన కురుస్తుంది. దాని పక్కనే ఉన్న అలకాయి పీఠభూమి సగం అడవి, సగం చిత్తడి.

దోమే లేని నేల మీదికి దోమ

హవాయికి సొంత దోమ ఒక్కటి కూడా లేదు. 1826లో మౌయిలోని లహైనా రేవుకు వచ్చిన ఒక ఓడ తన నీటి పీపాలు కడుక్కున్నప్పుడు అందులోని దోమ పిల్లలు ఒడ్డున పడ్డాయని సాధారణంగా చెప్పే చరిత్ర. అది క్యూలెక్స్ జాతి దోమ. వేడి దేశాల్లో మురుగు కాలువల దగ్గర కనిపించేదీ, మనుషులకు బోదకాలు తెచ్చేదీ అదే.

దోమ ఒక్కటే వస్తే పెద్ద నష్టం ఉండేది కాదేమో. తర్వాత పై దేశాల నుంచి రకరకాల పక్షులను తెచ్చి దీవుల్లో వదిలారు. పక్షి మలేరియాకు కారణమైన ప్లాస్మోడియం రెలిక్టమ్ అనే పరాన్నజీవి వాటి రక్తంలో వచ్చిందని భావిస్తారు. పక్షులకొచ్చే అమ్మతల్లి జబ్బు కూడా ఇక్కడ పాతుకుపోయింది. వేరే ఖండాల పిట్టలకు ఈ జబ్బులతో తరతరాల పరిచయం ఉంది. జ్వరమొచ్చినట్టు కాస్త నలత పడి కోలుకుంటాయి. హనీక్రీపర్ల పూర్వీకులు లక్షల ఏళ్లు దోమను చూడలేదు. ప్రయోగశాలలో ఇఇవి పిట్టలకు రోగం ఉన్న ఒక్క దోమ చేత కుట్టిస్తే పదింటిలో తొమ్మిది చనిపోయాయి.

ఇక్కడ ఒక వాదన ఉంది. హవాయి పిట్టలు తగ్గడానికి దోమే కారణమా? చెరకు తోటలకూ పశువుల మేతకూ అడవి నరికారు. ఓడల్లో ఎలుకలు దిగాయి, పిల్లులు వచ్చాయి. ఈకల కోసం వేటాడారని కూడా కొందరంటారు. హవాయి పాలకులు భుజాల మీద కప్పుకునే వస్త్రాలకు లక్షల ఈకలు వాడిన మాట నిజమే. కానీ ఆ సంప్రదాయం శతాబ్దాలు నడిచాక కూడా, పందొమ్మిదో శతాబ్దంలో ఇఇవి తీరం దాకా కనిపించే మామూలు పిట్టే. మిగతా కారణాలు అన్నీ నిజమే, అన్నీ ఇంకా పనిచేస్తున్నవే. అవి వివరించలేనిది ఒకటుంది. కింది భాగాల్లో చెట్లు నిలిచి ఉన్నచోట కూడా పిట్టలు మాయమయ్యాయి, అదే చెట్లున్న ఎత్తైన చోట మిగిలాయి.

రిచర్డ్ వార్నర్ అనే పరిశోధకుడు దీన్ని పరీక్షించాడు. లేసన్ అనే దూరపు దీవి నుంచి దోమ ఎరుగని పిట్టలను తెచ్చి కవాయి కింది ప్రాంతంలో పంజరాల్లో పెట్టాడు. దోమ దూరకుండా గుడ్డ కప్పినంత కాలం అవి బాగున్నాయి. గుడ్డ తీసేశాక జబ్బుపడి చచ్చిపోయాయి. 1968లో ఈ ఫలితం అచ్చయ్యాక దోమ పాత్ర గురించి సందేహం చాలావరకు తీరింది.

కొండ మీద కనిపించని గీత

పరాన్నజీవి దోమ కడుపులోకి వెళ్లగానే ప్రమాదకరం కాదు. అక్కడ పెరిగి, దోమ లాలాజల గ్రంథుల దాకా చేరాలి. ఆ పెరుగుదల వెచ్చదనం మీద ఆధారపడి ఉంటుంది. సుమారు 13 డిగ్రీల సెల్సియస్ కింద అది ఆగిపోతుంది. 13 దాటినా 17 లోపు ఉంటే చాలా నెమ్మదిగా సాగుతుంది. అది పూర్తయ్యేలోపు చాలా దోమలు ముసలివై చచ్చిపోతాయి. అందుకే 13 డిగ్రీలను ఆన్, ఆఫ్ స్విచ్‌గా చూడకూడదు. 17 పైన జబ్బు ఏడాది పొడవునా తిరుగుతుంది, 13, 17 మధ్య వెచ్చటి నెలల్లోనే ఎగబాకుతుంది, 13 కింద పిట్టకు భద్రత.

ఎత్తుకు వెళ్లేకొద్దీ చల్లబడుతుంది కాబట్టి, ఈ డిగ్రీలు కొండ మీద గీతలవుతాయి. ఉరామరిగా చెప్పాలంటే 1,500 మీటర్ల పైన ఉన్న అడవే చాలాకాలంగా హనీక్రీపర్లకు ఆశ్రయం.

మరి ఇంకా పైకి పోవచ్చు కదా? మౌయిలో హలేయాకలా 3,055 మీటర్లు, హవాయి అనే పేరే ఉన్న పెద్ద దీవిలో మౌనా కేయా 4,205 మీటర్లు. చోటు ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ వర్షారణ్యం అంత పైకి వెళ్లదు. సముద్రం మీదుగా వీచే గాలులు తెచ్చే మేఘాలు సుమారు రెండు వేల మీటర్ల దగ్గర ఒక వెచ్చటి గాలి పొర తగిలి ఆగిపోతాయి. దాని పైన పొడి నేల, పొదలు, రాయి. అంటే కింది నుంచి దోమ గీత పైకి జరుగుతోంది, పైనుంచి అడవి అంచు మాత్రం కదలడం లేదు. పిట్టలకు మిగిలింది ఆ రెంటి మధ్య పట్టీ.

లెక్క వేసి చూస్తే: కవాయికి ముందు దెబ్బ ఎందుకు తగిలింది

సులువు కోసం అంచనా అంకెలతో చూద్దాం. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు 6.5 డిగ్రీలు తగ్గుతుందనుకుందాం. సముద్ర మట్టం దగ్గర సగటు 23 డిగ్రీలు. కవాయిలో అన్నిటికంటే ఎత్తైన కవాయికిని శిఖరం 1,598 మీటర్లు. అక్కడికి తగ్గేది సుమారు 10.4 డిగ్రీలు, మిగిలేది 12.6. అంటే దీవి నెత్తిమీద 13 గీత ఇంకా కాస్త కిందే ఉంది, పిట్టకు కొద్దిపాటి చోటుంది.

ఇప్పుడు కింద సగటు ఒక్క డిగ్రీ పెరిగి 24 అయిందనుకుందాం. శిఖరం దగ్గర 13.6. గీత గాలిలోకి వెళ్లిపోయింది, దీవిలో ఏ మూలా దానిపైన లేదు. ఒక డిగ్రీ అంటే గీత సుమారు 150 మీటర్లు పైకి జరగడం. మౌయి లాంటి ఎత్తైన చోట అది అడవి పట్టీని సన్నబరుస్తుంది, కవాయిలో పట్టీనే తుడిచేస్తుంది. అసలు వాతావరణం ఇంత నీటుగా నడవదు. గాలి వైపు, నీడ, వాన, రాత్రి చలి అన్నీ కలుస్తాయి. లెక్క చూపించే దిశ మాత్రం క్షేత్రంలో కనిపించినదే. అలకాయి పీఠభూమిలో ఒకప్పుడు అరుదుగా దొరికిన దోమలు, జబ్బు పిట్టలు తర్వాత మామూలైపోయాయి. అక్కడ మాత్రమే బతికే అకికికి అనే బూడిద రంగు పిట్ట 2023 నాటికి అడవిలో అయిదింటికి దిగిపోయింది. మిగిలినవి పెంపక కేంద్రాల్లోనే.

ఇఇవికి ఇంకో చిక్కుంది. ఓహియా అన్ని ఎత్తుల్లో ఒకేసారి పూయదు. పై అడవిలో పూలు తగ్గినప్పుడు ఈ పిట్ట పూలు వెతుక్కుంటూ కిలోమీటర్లు కిందికి ఎగురుతుంది, దోమల పట్టీలోకి దిగుతుంది. కాబట్టి గూడు భద్రమైన ఎత్తులో ఉన్నంత మాత్రాన పిట్ట భద్రంగా ఉన్నట్టు కాదు. 2017లో అమెరికా ప్రభుత్వం ఇఇవిని ప్రమాదం పొంచి ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. పెద్ద దీవిలో ఇంకా లెక్కకు బాగానే ఉన్న పిట్టను చేర్చడమేంటని కొందరికి ఆశ్చర్యం. ఈ గీతల సంగతి తెలిస్తే కారణం అర్థమవుతుంది.

పంది, ఫెర్న్ మొద్దు, నీటి గుంట

క్యూలెక్స్ దోమకు నిలవ నీరు కావాలి. అంత వాన కురిసే అడవిలో నీటికేం కొదవ అనిపిస్తుంది. నిజానికి వాలు నేల, ఉధృతంగా పారే వాగులు, స్పాంజి లాంటి నాచు ఉన్న చెక్కుచెదరని అడవిలో నిలవ నీళ్లు తక్కువే. గుంటలు చేసేది అడవి పంది. బురదలో పొర్లి గుంటలు చేస్తుంది. అంతకంటే ఘోరం, హాపూ ఫెర్న్ మొద్దును పడగొట్టి లోపలి పిండిపదార్థం తినేస్తుంది. మిగిలేది తొట్టిలాంటి మొద్దు. వాన నీరు దాంట్లో నిండుతుంది, దోమ పిల్లలకు అచ్చమైన తొట్టె అవుతుంది.

కాబట్టి కంచె వేసి పందులను తీసేయడం దోమల అదుపులో భాగమే. అందరూ దీనికి ఒప్పుకోరు. హవాయిలో పంది వేట చాలా కుటుంబాల తిండి, సంప్రదాయం, సెలవురోజు సరదా. కంచె పడితే తమ తాతల వేట దారులు మూసుకుపోతాయని వేటగాళ్లు అంటారు. పిట్టల వైపు వాళ్లు అడవి మొత్తం కాదు, పైభాగమే అడుగుతున్నామంటారు. రెండు వైపులా అడవిని ప్రేమించేవాళ్లే ఉండటం ఈ గొడవను పరిష్కరించడం కష్టం చేస్తోంది.

పైగా గుంటలన్నీ పూడ్చినా సరిపోదు. వాన తగ్గిన కాలంలో వాగులు ఆగి మడుగులవుతాయి. కవాయిలో దోమలు ఆ మడుగుల్లోనూ పెరుగుతాయి. మందు కొడదామంటే మనిషి నడవలేని నిటారు లోయలు. ఇతర పురుగులూ చచ్చిపోతాయి, వాటిలో హవాయిలో తప్ప ఎక్కడా లేనివి బోలెడు.

వోల్బాకియా: పొదగని గుడ్లు

అందుకే దోమ మీదికి దోమనే పంపే పద్ధతి. వోల్బాకియా అనేది చాలా పురుగుల కణాల్లో సహజంగా ఉండే బాక్టీరియా. ఇది తల్లి నుంచే పిల్లలకు వస్తుంది, తండ్రి నుంచి రాదు. దీనికొక విచిత్రమైన గుణం ఉంది. మగ దోమలోని వోల్బాకియా అతని వీర్యంలో ఒక తాళం వేస్తుంది. అదే రకం వోల్బాకియా ఉన్న ఆడ దోమ గుడ్డులోనే ఆ తాళం తీసే చెవి ఉంటుంది. రకాలు కలవకపోతే పిండం పెరగదు, గుడ్డు పొదగదు.

హవాయి క్యూలెక్స్ దోమల్లో ఒక రకం వోల్బాకియా ఉంది. పెంచిన మగ దోమల్లో దాని బదులు వేరే రకం, పులిచారల ఏడిస్ దోమ నుంచి తెచ్చిన రకం పెట్టారు. దోమ జన్యువుల జోలికి వెళ్లలేదు, మారింది లోపలి బాక్టీరియా మాత్రమే. ఈ మగవాటితో జతకట్టిన అడవి ఆడ దోమ గుడ్లు పెడుతుంది, అవి పొదగవు.

అంకెల్లో చూద్దాం. ఒక లోయలో 100 ఆడ, 100 మగ దోమలు. పొదిగే గుడ్లు పెట్టిన ఒక్కో ఆడ దోమ వల్ల తర్వాతి తరంలో 5 ఆడ దోమలు పెరిగి పెద్దవుతాయి, అంతే సంఖ్యలో మగవీ. ఏమీ చేయకపోతే 100 కాస్తా 500. ఇప్పుడు ప్రతి తరానికీ 900 మగ దోమలు వదులుదాం. వెయ్యి మగవాటిలో సొంతవి 100, కాబట్టి పదింటిలో ఒక ఆడ దోమకే సరైన జోడు దొరుకుతుంది. 10 దోమలు, ఒక్కోదానికి 5 చొప్పున, తర్వాతి తరం 50. మళ్లీ 900 వదిలితే 950లో సొంతవి 50, అంటే నూటికి అయిదు. తర్వాతి తరం సుమారు 13. ఆ తర్వాత ఒకటి. మందు పనితీరుకు ఇది తలకిందులు. మందు కొడితే మిగిలిన దోమలను వెతికి చంపడం కష్టమవుతూ పోతుంది. ఇక్కడ దోమలు తగ్గేకొద్దీ వదిలిన మగవాటి వాటా పెరుగుతుంది, పని తేలికవుతుంది.

కానీ కింది లోయ నుంచి తరానికి 20 ఆడ దోమలు అప్పటికే జతకట్టి గాలివాటున పైకి వచ్చాయనుకోండి. ఆ ఇరవై వల్లే తర్వాతి తరంలో 100. అంటే లెక్క మొదటికొచ్చింది. అందుకే చిన్న ముక్కలో కాకుండా విశాలంగా, ఎడతెగకుండా వదలాలి. ఆపితే దోమలు తిరిగి వస్తాయి. ఈ పద్ధతిలో ఇదే భద్రత, ఇదే బలహీనత. నచ్చకపోతే ఆపేయొచ్చు. నచ్చితే ఎప్పటికీ ఆపలేం.

అభ్యంతరాలు ఏమిటి

2023లో అమెరికా పర్యావరణ సంస్థ ఈ దోమలకు అత్యవసర అనుమతి ఇచ్చింది. అదే ఏడాది ఒక స్థానిక బృందం కోర్టుకెళ్లింది. పూర్తిస్థాయి పర్యావరణ అధ్యయనం చేయకుండా ఇంత పెద్ద ప్రయోగం చేయకూడదన్నది వాళ్ల వాదన. మగ, ఆడ వేరు చేయడంలో పొరపాటు జరిగి కొత్త రకం వోల్బాకియా ఉన్న ఆడ దోమలు బయటికెళ్తే? అవి వదిలిన మగవాటితో జతకట్టి పిల్లల్ని పెడతాయి, కొత్త రకం దోమ పాతుకుపోవచ్చు, అప్పుడు ఈ పద్ధతే పనికిరాకుండా పోతుంది. ఇది గాలి మాట కాదు. పద్ధతి ఎలా పనిచేస్తుందో తెలిసిన ఎవరైనా అడిగే ప్రశ్నే. వదిలేవాళ్లు కూడా దీన్ని కొట్టిపారేయరు. తాము వేరు చేసే దశలో పదేపదే పరీక్షిస్తామని, ఆ వోల్బాకియా రకం ఏడిస్ దోమల్లో హవాయిలో ఎప్పట్నుంచో ఉన్నదేనని అంటారు. దోమలు పోతే తిండి గొలుసు తెగుతుందన్న అభ్యంతరం మాత్రం ఇక్కడ బలంగా నిలబడదు. రెండు వందల ఏళ్ల కిందట దోమే లేని అడవి ఇది.

ఇంకో వాదన: ప్రకృతికి వదిలేయొచ్చు కదా. దీనికి ఆధారం ఉంది. అమకిహి అనే పసుపుపచ్చ హనీక్రీపర్ పెద్ద దీవి కింది అడవుల్లో మలేరియాను తట్టుకోవడం నేర్చింది, దోమల మధ్యే పిల్లల్ని పెంచుతోంది. అయితే ఒక జాతి అలా మారాలంటే వేల సంఖ్యలో పిట్టలుండాలి. చాలావరకు చచ్చిపోయినా తట్టుకున్న కొన్ని మిగలాలి. అకికికికి ఆ సంఖ్య లేదు. పైగా తట్టుకున్న అమకిహి, అపపనే రక్తంలో పరాన్నజీవి ఉండిపోతుంది. వాటిని కుట్టిన దోమ పక్క కొమ్మ మీది ఇఇవిని కుడుతుంది. ఒకరి విజయం మరొకరికి రోగ నిలవ.

సురక్షితమైన చోటికి మార్చడమూ ప్రయత్నించారు. 2019లో మౌయిలో కివికియు అనే చిలకముక్కు పిట్టలను కొత్తగా పెంచిన అడవికి తరలించారు. అప్పటికే దోమలు అక్కడికి చేరాయి. కొద్ది వారాల్లో చాలావరకు మలేరియాతో చనిపోయాయి. దోమల పని తొందరగా మొదలు కావడానికి ఆ దెబ్బ కూడా ఒక కారణం.

పిట్టలు తగ్గితే పాటకు ఏమవుతుంది

1987 తర్వాత కవాయి ఓఓ అనే పిట్ట గొంతు అడవిలో ఎవరూ రికార్డు చేయలేదు. ఇంటర్నెట్‌లో తిరిగే ఆ చివరి పాటను చాలామంది హనీక్రీపర్‌దే అనుకుంటారు. కాదు. దాని కుటుంబమే వేరు, ఆ కుటుంబంలో ఇప్పుడు ఒక్క పిట్టా లేదు. 2023 అక్టోబరులో అమెరికా రక్షిత జాబితా నుంచి అంతరించిపోయాయని తీసేసిన 21 జీవుల్లో ఇదొకటి. వాటిలో ఎనిమిది హవాయి పిట్టలే. 1973లో కొత్తగా కనిపెట్టి, 2004లో చివరిది పంజరంలో చనిపోయిన పోఔలి కూడా అందులో ఉంది.

బతికున్నవాటి పాట కూడా మారుతోంది. కవాయిలో నలభై ఏళ్ల రికార్డింగులు పోల్చి చూసిన పరిశోధకులకు మూడు రకాల హనీక్రీపర్ల పాటలు సాదాగా మారడం, ఒకదానికొకటి దగ్గరగా రావడం కనిపించింది. కూన చుట్టూ పాడే పెద్దలు తక్కువైతే నేర్చుకునేదీ తక్కువే. ఇది శాస్త్రవేత్తల సరదా విషయం కాదు. జోడు వెతుక్కునేది, హద్దు చాటేది పాటతోనే. పంజరంలో పుట్టిన పిట్టలను తిరిగి అడవిలో వదిలినప్పుడు ఈ సమస్య ముందుకొస్తుంది.

ఫలితం ఎప్పుడు, ఎలా తెలుస్తుంది

ముందు తెలిసేది దోమల గురించే. అడవిలో పెట్టిన బోనుల్లో పడే ఆడ దోమలు తగ్గుతున్నాయా, పెట్టిన గుడ్లలో పొదగనివి ఎన్ని అన్నది నెలల్లో లెక్కకొస్తుంది. పిట్టల సంగతి అంత తొందరగా తేలదు. కివికియు ఈతకు ఒకే గుడ్డు పెడుతుంది, దాని కూన నెలల తరబడి తల్లిదండ్రులను అంటిపెట్టుకునే ఉంటుంది. దోమలన్నీ రేపే పోయినా ఆ సంఖ్య పెరగడానికి ఏళ్లు పడుతుంది.

ఆలోపు అడవి నిలబడాలి. గత దశాబ్దంలో గుర్తించిన ఒక బూజు జబ్బు పెద్ద దీవిలో పది లక్షలకు పైగా ఓహియా చెట్లను చంపింది. గాయపడిన బెరడులోంచి అది లోపలికి వెళ్తుంది. పంది కోర, పశువు గిట్ట, కొడవలి దెబ్బ ఏదైనా చాలు. మట్టి అంటిన బూటుతో కూడా కొండ దాటుతుంది. అందుకే అడవి దారుల మొదట్లో బూట్లు రుద్దే బ్రష్షులు, మందు నీళ్లు పెడుతున్నారు. కంచె ఇక్కడ మళ్లీ లెక్కలోకి వస్తుంది. పందిని ఆపిన కంచె దోమ గుంటనూ ఆపుతుంది, చెట్టు గాయాన్నీ ఆపుతుంది. హెలికాప్టర్ వార్తల్లో దానికి చోటు దొరకదు కానీ, వదిలిన మగ దోమలకు పని తగ్గించేది అదే.